సర్దుకుపోవడానికి ఒక చెంచా పొడి

సంపాదకులకు నమస్కారం.

మానసిక ఒత్తిడిని తగ్గించే మూలికల గురించి పత్రికల ఆరోగ్య పేజీల్లో ఈ మధ్య తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. అశ్వగంధ, తులసి, బ్రహ్మి, జిన్‌సెంగ్, రోడియోలా వంటివాటన్నిటినీ 'అడాప్టోజెన్లు' అని ఒకే గాటన కట్టి, ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చని, వాడితే ఇంట్లో చిరాకులు తగ్గి మనశ్శాంతి నెలకొంటుందని వాటిలో రాస్తున్నారు. అలాంటి వ్యాసం ఒకటి చదివే రెండేళ్ల క్రితం మా ఇంట్లో ఈ అలవాటు మొదలైంది. మూలికల మీద నాకు నమ్మకం పోలేదు, నేటికీ వైద్యుల సలహాతో కొంతకాలం వాడుతూ, కొంతకాలం ఆపుతూ ఉన్నాను. అయితే ఆ వ్యాసంలో ఉండవలసిన నాలుగు మాటలు లేకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఏడాది మా అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగి, శస్త్రచికిత్స తర్వాత మంచం పట్టారు. రాత్రి పూట కనీసం మూడుసార్లు ఆవిడను లేపి పట్టుకుని నడిపించవలసి వచ్చేది. ఆ పని నాదే అయింది, ఎందుకు నాదే అయిందో అప్పట్లో ఎవరమూ ఆలోచించలేదు. మావారి ఉద్యోగంలో ఒడుదొడుకులు, అమ్మాయికి పరీక్షల సంవత్సరం, నాకు తెల్లవారితే బడిలో పాఠాలు. మాట మాటకూ రుసరుసలాడుకోవడం మాకు నిత్యకృత్యమైపోయిన రోజుల్లో నేను ఆ వ్యాసం చదివి, అశ్వగంధ చూర్ణం డబ్బా ఒకటి తెప్పించాను. పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలలో మావారికీ, అత్తగారికీ, నాకూ తలా ఒక చెంచా, అమ్మాయికి అర చెంచా కలిపి ఇచ్చేదాన్ని. వేరు కదా, మందు కాదు కదా, ఎవరిని అడగాలి అనుకున్నాను.

మూడు వారాలు గడిచేసరికి నాకు నిద్ర కాస్త గట్టిగా పట్టడం మొదలైంది. అది పొడి గుణమో, ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యమో నేను తేల్చి చెప్పలేను కానీ, మార్పు మాత్రం నిజం. రెండు నెలలు తిరిగేసరికి అత్తగారికి గుండె దడ మొదలైంది. ఒక సాయంత్రం ఆవిడ రవికె హుక్కు పెట్టుకోబోయి, వేళ్లు వణుకుతుంటే పెట్టుకోలేక, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుండిపోయారు. ఆవిడ పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా పడిపోయి ఉంది, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోను అవసరానికి మించి ఉందన్నమాట. డాక్టరు గారు మాత్రల అట్ట తిప్పి చూసి, మోతాదు సరిగ్గానే ఉందే అని, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగారు. లేదని మావారూ నేనూ ఒకేసారి చెప్పాం. పక్కనే నిలబడిన మా అమ్మాయి, "రాత్రి పూట తాగే పొడి సంగతి చెప్పరేం?" అంది. ఆ పొడి ఆపించి, ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె మామూలు స్థాయికి వచ్చింది. కారణం కచ్చితంగా ఇదేనని ఒక్క మనిషి అనుభవాన్ని బట్టి చెప్పలేమని డాక్టరు గారే అన్నారు, నేను కూడా అంతకు మించి అనను. కానీ 2018లో, థైరాయిడ్ స్వల్పంగా మందగించిన 50 మంది మీద జరిపిన ఒక అధ్యయనంలో, రోజుకు 600 మిల్లీగ్రాముల అశ్వగంధ వేరు సారాన్ని ఎనిమిది వారాలు ఇచ్చినప్పుడు థైరాయిడ్ హార్మోన్లు పెరిగి టీఎస్‌హెచ్ తగ్గిందని తర్వాత తెలుసుకున్నాను. హార్మోను తక్కువున్నవారికి మేలనిపించే ఆ గుణమే, దానికి మాత్ర వేసుకుంటున్నవారి విషయంలో మోతాదు మీద మోతాదు అవుతుంది. ఈ ఒక్క వాక్యం ఆ వ్యాసంలో ఉండి ఉంటే మా అత్తగారికి ఆ పొడి ఇచ్చేదాన్ని కాదు.

ఆ తర్వాత ఈ అడాప్టోజెన్ అన్న మాట ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్లాను. ఇది మన వైద్య గ్రంథాల్లోని మాట కాదు. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త, శరీరం మీద ఏ రకమైన ఒత్తిడి పడినా అది ముందు ఉలిక్కిపడుతుందని, తర్వాత తట్టుకుంటుందని, ఒత్తిడి అలాగే కొనసాగితే చివరకు చేతులెత్తేస్తుందని ప్రతిపాదించారు. 1947లో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ లాజరెవ్, ఆ తట్టుకునే దశను బలపరిచే పదార్థాలకు అడాప్టోజెన్ అని పేరు పెట్టారు. 1960ల చివర ఇజ్రాయెల్ బ్రెఖ్‌మన్, దార్దిమోవ్ అనే ఇద్దరు దానికి మూడు లక్షణాలు చెప్పారు. శరీరానికి హాని చేయకూడదు, ఏదో ఒక రకం ఒత్తిడికి కాక అన్నిటికీ తట్టుకునే శక్తినివ్వాలి, ఎక్కువైన దాన్ని తగ్గించి, తక్కువైన దాన్ని పెంచి సమస్థితికి తేవాలి. వినడానికి ఎంతో బాగుంది. అయితే యూరప్ ఔషధ సంస్థ 2008లో ఈ భావనను పరిశీలించి, వైద్యశాస్త్ర పరిభాషలో దీన్ని ఒక మందుల తరగతిగా అంగీకరించడానికి ఆధారాలు చాలవని అభిప్రాయపడింది. ఒక మొక్కను అడాప్టోజెన్ అని పిలిచినంత మాత్రాన అది హాని చేయదని నిరూపణ అయినట్టు కాదని దీన్నిబట్టి నాకు అర్థమైంది. నిర్వచనంలో మొదటి షరతే 'హాని చేయకూడదు' కావడంతో, ఆ పేరు తగిలించగానే ఆ పరీక్ష నెగ్గేసినట్టు చదివేవారు భ్రమపడుతున్నారు. నేనూ అలాగే భ్రమపడ్డాను.

అశ్వగంధ విషయంలో మంచి ఆధారాలు లేవని నేననడం లేదు. దీర్ఘకాలిక ఒత్తిడితో ఉన్న 64 మంది మీద జరిపి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, సగం మందికి 300 మిల్లీగ్రాముల వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున 60 రోజులు ఇచ్చారు, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సారం తీసుకున్నవారిలో ఒత్తిడికి సూచికైన కార్టిసాల్ 27.9 శాతం తగ్గగా, రెండో వర్గంలో 7.9 శాతం తగ్గింది. గమనించవలసిన సంగతులు ఇందులోనే ఉన్నాయి. 64 మంది అంటే చిన్న సంఖ్య. 60 రోజులంటే రెండు నెలలు, ఏళ్ల తరబడి వాడకం గురించి అది ఏమీ చెప్పదు. వాడింది గాఢత పెంచిన సారం, చెంచాతో కొలిచే చూర్ణం కాదు. ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథం చూర్ణానికి రోజుకు 3 నుంచి 6 గ్రాముల మోతాదు చెబుతుంటే, క్యాప్సూళ్లలో వచ్చే సారానికి లెక్క మిల్లీగ్రాముల్లో ఉంటుంది. రెండింటినీ ఒకే అశ్వగంధగా రాసి 'రోజూ కొద్దిగా' అంటే ఆ కొద్ది ఎంతో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? పైగా ఇలాంటి ప్రయోగాల్లోకి సాధారణంగా గర్భిణులనూ, ఇతర జబ్బులకు మందులు వాడేవారినీ తీసుకోరు. మా అత్తగారి వంటి మనిషి ఆ లెక్కల్లో ఎక్కడా లేరు. ఇంట్లో మాత్రం మొదటి గ్లాసు ఆవిడకే అందింది.

కాలేయం సంగతి మరింత జాగ్రత్తగా చెప్పాలి. 2020లో ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు అశ్వగంధ వాడిన తర్వాత కామెర్లు, విపరీతమైన దురదతో వచ్చిన ఐదుగురి వివరాలు ప్రచురించారు. వాడకం మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో లక్షణాలు కనిపించాయి, నలుగురిలో ఒకటి నుంచి ఐదు నెలల్లో కాలేయ పరీక్షలు మామూలు స్థాయికి వచ్చాయి, ఐదో వ్యక్తి సంగతి తర్వాత తెలియలేదు. కోట్ల మంది వాడే మూలికకు ఇది అరుదైన ప్రమాదమే, భయపడి పారేయనక్కర్లేదు. కానీ కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలన్న సంగతి వాడే ప్రతి ఇంటికీ తెలియాలి. డెన్మార్క్ 2023లో అశ్వగంధను ఆహార ఉత్పత్తుల్లో నిషేధించింది, థైరాయిడ్ మీద, లైంగిక హార్మోన్ల మీద, గర్భం మీద దాని ప్రభావాల గురించి అక్కడి నిపుణులు వ్యక్తం చేసిన ఆందోళనే అందుకు కారణం. ఆ నిషేధం అతి జాగ్రత్త అని వాదించేవారున్నారు, ఆ వాదనలోనూ కొంత బలముంది, ఎందుకంటే అక్కడి లెక్కల్లో వేరునూ ఆకునూ సరిగ్గా విడదీయలేదని వారి ఆక్షేపణ. మన ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా 2021లో ఆకు వాడకాన్ని మానుకోవాలని, వేరునే వాడాలని తయారీదారులకు సూచించింది. డబ్బా మీద ఏ భాగమో రాసి ఉందా లేదా అన్నది చూడాలని నాకు అప్పటివరకూ తోచనే లేదు.

పేర్ల గందరగోళం ఇంకొకటి. బ్రహ్మి అన్న పేరును కొందరు బకోపా అనే నేల మీద పాకే నీటి మొక్కకూ, ఇంకొందరు సరస్వతి ఆకుకూ వాడుతున్నారు. రెండూ వేర్వేరు వృక్ష కుటుంబాలకు చెందిన మొక్కలు, చేసే పనులూ వేరు. సైబీరియన్ జిన్‌సెంగ్‌గా అమ్ముడయ్యేది అసలు జిన్‌సెంగ్ కాదు. అసలు జిన్‌సెంగ్, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ పనిని దెబ్బతీయవచ్చు. ఈ జాబితాల్లోనే కనిపించే అతిమధురాన్ని ఎక్కువ రోజులు ఎక్కువగా తీసుకుంటే ఒంట్లో పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగుతుంది. ఒత్తిడి తగ్గుతుందని వాడిన మనిషికి రక్తపోటు పెరగడం ఎంత విపరీతం! నిద్రమాత్రలు, మధుమేహం మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు తీసుకునేవారు అశ్వగంధ జోలికి వెళ్లేముందు తప్పనిసరిగా తమ వైద్యుణ్ణి అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దానికి దూరంగా ఉండాలి.

ఇక పిల్లల సంగతి. పెద్దల మీద జరిగిన ప్రయోగాల ఫలితాన్ని సగం చేసి పిల్లలకు అన్వయించడం లెక్కగానే తప్పు. నేను చేసింది అదే. కానీ నన్ను కలవరపెట్టింది మోతాదు ఒక్కటే కాదు. ఒక రాత్రి నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే మా అమ్మాయి తన గ్లాసును సింకులో వంపుతూ కనిపించింది. నేను కోప్పడబోయాను. అది గ్లాసు కడిగి బోర్లించి, నా వైపు తిరిగి, "నాకేమైందమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దానికేమీ కాలేదు. పరీక్షల ముందు పిల్లలకు ఉండే బెరుకు దానికీ ఉంది, అంతే. రోజూ రాత్రి నేను గ్లాసు చేతికిస్తుంటే, తనకు ఏదో జబ్బుందని, మేం పైకి చెప్పడం లేదని అది రెండు నెలలుగా అనుకుంటోంది. తర్వాత కూర్చోబెట్టి అడిగితే, రాత్రి పదకొండు దాటాక మా గదిలోంచి వినిపించే మాటలకు నిద్ర చెడుతోందని చెప్పింది. పిల్లల దిగులుకు కారణం మాలో ఉంటే, చెంచా వాళ్ల నోటికి అందించాను నేను. పిల్లల్లో నిజంగా ఆందోళన, కుంగుబాటు ముదిరితే దానికి మూలిక చాలదు, మానసిక వైద్యులను కలవడం తప్పనిసరి. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఒక్కరు మన ఇంట్లో ఉంటే పొడి కలిపి ఇస్తూ గడిపే రెండు మూడు నెలలు చాలా విలువైన కాలం.

అన్నిటికన్నా ముఖ్యంగా నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. అడాప్టోజెన్ అన్న మాటకు తెలుగులో దగ్గరగా ఏమంటారని ఆలోచిస్తే నాకు తట్టిన మాట 'సర్దుకుపోనిచ్చేది'. ఆ మాట తట్టగానే మనసు చివుక్కుమంది. కుటుంబంలో సర్దుకుపొమ్మని ఎవరికి చెబుతారో నాకూ తెలుసు, ఈ ఉత్తరం చదివే ప్రతి ఇల్లాలికీ తెలుసు. అత్తగారి వ్యవహారం తేలేదాకా ఇంట్లో అందరం ఆ పొడి మానేశాం. మానేసిన రెండో వారంలో నేను మళ్లీ వెనకటి స్థితికి వచ్చాను. నల్లబల్ల ముందు నిలబడి, రాస్తున్న వాక్యం మధ్యలో ఆగిపోయి, ఏం రాస్తున్నానో గుర్తుకు రాక, వెనక కూర్చున్న నలభై మంది పిల్లలు నిశ్శబ్దంగా చూస్తుంటే చాక్‌పీసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ రోజు ఇంటికొచ్చి మొదటిసారి మావారితో, మా మరిదితో గట్టిగా చెప్పాను, రాత్రి కాపలా ఒక్కదానివల్ల కాదని. వారు కాదనలేదు. నిజానికి వారికి తెలియదు. నేను మామూలుగా తిరుగుతున్నాను కదా, నాకు ఇబ్బంది లేదనుకున్నారు. వారంలో మూడు రాత్రులు మావారు, రెండు రాత్రులు మరిది, రెండు రాత్రులు నేను అని పంచుకున్నాం. ఆ వంతులు వేసుకున్న కాగితం అత్తగారి మంచం పక్క గోడకు చాలాకాలం అతికించి ఉండేది.

ఆ రెండు నెలలూ పొడి నాకు మేలు చేయలేదని అనను. నా ఓపిక పెరిగింది. పని మాత్రం తగ్గలేదు, పంచుకోవలసిన పని అని ఎవరికీ తోచలేదు, నాకే తోచలేదు. ఒత్తిడి అనేది శరీరం పంపే కబురు కూడా. ఆ కబురు వినకముందే దాని నోరు నొక్కేస్తే, అన్యాయమైన ఏర్పాటు ఒకటి ఇంకొన్నాళ్లు నిక్షేపంగా సాగిపోతుంది. పరీక్ష, ప్రయాణం, తాత్కాలికమైన పని భారం వంటి గడిచిపోయే కష్టానికి శరీరాన్ని సిద్ధం చేసుకోవడానికి మూలికను వాడుకోవడం వేరు, ఇంట్లో ఒకరి మీదే పడిన బరువును ఆ ఒక్కరూ మోసేలా చేయడానికి వాడుకోవడం వేరు. చరక సంహితలో రసాయనాల, అంటే ఒంటికి బలాన్నీ ఆయుష్షునూ ఇచ్చే ఔషధాల అధ్యాయం మూలికలతో ఆగిపోదు. రసాయన ఫలం పొందేవాడి నడవడి గురించి అక్కడే చెబుతూ, సత్యం పలకడం, కోపాన్ని విడవడం వంటివాటితో పాటు నిద్ర, మెలకువ సమంగా ఉండాలని కూడా అన్నారు. మా ఇంట్లో ఆ సమత్వం లేనిది నా ఒక్కదానికే. దాన్ని సరిచేయకుండా పైపైన చూర్ణం కలుపుతున్నానని అది చదివాక తెలిసింది.

ఇప్పుడు నేను ఒక ఆయుర్వేద వైద్యురాలి సలహా మీద వాడుతున్నాను. ఆవిడ మొట్టమొదట నా కాలేయం, థైరాయిడ్ పరీక్షలు చూశారు. వేరు చూర్ణమే రాసి, ఎన్ని గ్రాములో, ఎన్ని వారాలో, ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాసిచ్చారు. ఈ సంగతి మా కుటుంబ వైద్యుడికీ చెప్పాను. మా మందుల పెట్టెలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. ఎవరు ఏ పొడి, ఏ కషాయం, ఏ మాత్ర ఏ తేదీన మొదలుపెట్టారో, ఏ తేదీన ఆపారో అందులో రాస్తాం. ఆసుపత్రికి వెళ్లినప్పుడు అది చేతిలో ఉంటుంది. డాక్టరు "ఇంకేమైనా వాడుతున్నారా?" అంటే మందులనే మన బుర్రకు తోస్తుంది కనుక, "పొడులు, లేహ్యాలు, కషాయాలు ఏమైనా తీసుకుంటున్నారా?" అని పేరుపేరునా అడగవలసిందిగా వైద్యులకు కూడా మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట మూలికల మీద వ్యాసం వేసినప్పుడల్లా, దాని పక్కనే నాలుగు పంక్తులు తప్పక ఉండేలా చూడండి. మొక్కలో ఏ భాగం, చూర్ణమైతే ఎంత, సారమైతే ఎంత, ఎంతకాలం, ఏ జబ్బులున్నవారు, ఏ మందులు వాడేవారు ముట్టుకోకూడదు. ఇంటిల్లిపాదికీ మంచిదన్న మాట మాత్రం దయచేసి రాయవద్దు, ఎందుకంటే మా ఇంట్లో ఉన్న నలుగురికీ నాలుగు రకాల శరీరాలు, నాలుగు రకాల కారణాలు ఉన్నాయి. ఆ వ్యాసం కత్తిరింపు ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని అంచున ఖాళీ స్థలం చాలానే ఉంది, ఆ నాలుగు పంక్తులూ అందులో పట్టేవి.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు, మీ పాఠకురాలు